వాంగ్మూలం రాసే చేతులు: ఒక మానవ హక్కుల సంస్థలో వాలంటీర్ల ఎంపిక, శిక్షణపై కేస్ స్టడీ

పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి దగ్గరికి మా వాలంటీరు ఒకరు వాంగ్మూలం తీసుకోవడానికి వెళ్లి, రెండు గంటలు కూర్చుని, ఎనిమిది పేజీలు రాసుకుని, లేచి వచ్చేటప్పుడు ఆమె చేతులు పట్టుకుని "అమ్మా, మీకు న్యాయం జరిగేదాకా మేము వదలం" అని చెప్పి వచ్చాడు. ఆ మాట అన్నందుకు ఆ రోజు మేమంతా అతన్ని మెచ్చుకున్నాం. ఏడు నెలల తర్వాత ఆమె మా కార్యాలయం వెతుక్కుంటూ వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, ఆ అబ్బాయి పేరు చెప్పి, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. అతను పని మానేసి అప్పటికి నాలుగు నెలలు. అతను రాసిన ఎనిమిది పేజీలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి గానీ, ఆమె చెప్పింది ఎవరికి చూపవచ్చో, ఆమె పేరు వాడవచ్చో లేదో అందులో ఒక్క ముక్క కూడా లేకపోవడం వల్ల మా న్యాయవాది ఆ కాగితాలను ఏ ఫిర్యాదుకూ జతచేయలేకపోయారు.

ఆ తప్పు ఆ అబ్బాయిదని అప్పట్లో అనుకున్నాం. పాత ఫైళ్లన్నీ ముందు వేసుకుని చదివాక, అతన్ని ఎంచుకున్న పద్ధతిలోనూ, అతనికి మేము నేర్పిన దానిలోనూ, నేర్పకుండా వదిలేసిన దానిలోనూ తప్పు ఉందని నాకు అర్థమైంది. ఆ తర్వాత వాలంటీర్లను తీసుకునే విధానాన్నీ శిక్షణనూ మొదటినుంచి ఎలా మార్చుకున్నామో, ఆ మార్పుల్లో ఏవి నిలబడ్డాయో, ఏవి నిలబడలేదో ఇక్కడ రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వ్యక్తుల వివరాలను మార్చాను.

పాత పద్ధతి

మాది చిన్న సంస్థ. జీతం తీసుకునేవారు నలుగురే. మిగిలిన పనంతా వాలంటీర్ల చేతుల మీదుగా నడుస్తుంది. హక్కుల ఉల్లంఘన జరిగిందని కబురు వచ్చినప్పుడు వెళ్లి వాంగ్మూలాలు తీసుకోవడం, వాటిని సరిచూసి ఫైళ్లుగా భద్రపరచడం, బాధితులను న్యాయవాదుల దగ్గరికీ వైద్యుల దగ్గరికీ చేర్చడం, అధికారులకు ఫిర్యాదులూ లేఖలూ రాయడం, స్థూలంగా ఇదీ ఆ పని. వాలంటీర్ల విభాగం బాధ్యత నా మీద పడేనాటికి ఎంపికకంటూ ఒక పద్ధతి లేదు. ఐక్యరాజ్య సమితి 1948లో విశ్వజనీన మానవ హక్కుల ప్రకటనను ఆమోదించిన డిసెంబరు 10న ఏటా ఒక సభ పెట్టేవాళ్లం. సభ చివర ఒక రిజిస్టరు తిప్పేవాళ్లం. అందులో పేరు రాసినవాళ్లందరూ వాలంటీర్లే. చేతిరాత చక్కగా ఉన్నవాళ్లను ముందు పిలిచేవాళ్లమని చెప్పడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది.

శిక్షణ రెండు రోజులు సాగేది. మొదటి రోజు ఒక న్యాయవాది ఆ ప్రకటనలోని 30 అధికరణలనూ వరుసగా వివరించేవారు. రెండో రోజు సీనియర్ కార్యకర్తలు తమ అనుభవాలు చెప్పేవారు. వినేవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచేది, కళ్లు చెమ్మగిల్లేవి, చివర్లో అందరూ కలిసి ఫొటో దిగేవాళ్లం. సోమవారం పొద్దున ఫారం చేతికిచ్చి పంపిస్తే మాత్రం మొదటి ప్రశ్న ఏమడగాలో వాళ్లలో ఒక్కరికీ తెలిసేది కాదు. చేరినవాళ్లలో ఎక్కువ మంది మూడు నెలలు తిరక్కుండానే మానేసేవారు. నిబద్ధత తక్కువని మేము వాళ్లను నిందించేవాళ్లం. మానేసినవాళ్లలో కొందరికి తర్వాత ఫోన్ చేసి మాట్లాడినప్పుడు దాదాపు అందరూ ఒకటే చెప్పారు: వచ్చింది ఒక పని అనుకుని, ఇక్కడ చేయాల్సి వచ్చింది వేరొకటి. ఊరేగింపులో నడుస్తామని వచ్చినవాళ్లను మేము తేదీలు సరిచూసే బల్ల దగ్గర కూర్చోబెట్టాం, అదీ ముందుగా చెప్పకుండా.

ప్రకటనలో ఏం రాయాలి

అందువల్ల మార్పు ప్రకటనతోనే మొదలుపెట్టాం. "మార్పు కోసం మాతో చేతులు కలపండి" అన్న పాత పోస్టరును తీసేసి, దాని స్థానంలో పనిని ఉన్నదున్నట్టు రాసిన ఒక పేజీ పెట్టాం. వారానికి నాలుగు గంటలు, కనీసం ఒక ఏడాది. అందులో మూడొంతులు కాగితాల పని. మీరు రాసిన దానిపై మీ పేరు ఉండదు. మీరు విన్నది ఇంట్లో కూడా చెప్పకూడదు. మీరు కష్టపడిన కేసుల్లో చాలావాటికి మీరున్న కాలంలో ఫలితం రాదు. ప్రయాణం ఖర్చు సంస్థ ఇస్తుంది. చివరి వాక్యాన్ని చేర్చడానికి మా కార్యవర్గంలో పెద్ద వాదనే జరిగింది. సేవకు డబ్బేమిటని కొందరన్నారు. ఖర్చు ఇవ్వకపోతే సొంత డబ్బు పెట్టుకోగలిగినవాళ్లే మిగులుతారనీ, మనం ఎవరి హక్కుల కోసం పనిచేస్తున్నామో ఆ మనుషులే మన సంస్థలో కనిపించకుండా పోతారనీ నా వాదన. ఈ విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

ఆ పేజీ చదివి వచ్చినవాళ్ల సంఖ్య బాగా తగ్గింది. మొదటి విడతకు ఎంత తక్కువ మంది వచ్చారంటే, పాత పోస్టరునే మళ్లీ అంటిద్దామా అని ఒక వారం తటపటాయించాం. కాని వచ్చినవాళ్లు పని ఏమిటో తెలిసి వచ్చారు, వాళ్లలో ఎక్కువ మంది ఏడాది నిండేదాకా ఉన్నారు.

దరఖాస్తులో "మీరు మానవ హక్కుల రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్నను తొలగించాం. దానికి అందరూ అందంగా రాస్తారు. రాయడం వచ్చినవాళ్లు ఇంకా అందంగా రాస్తారు. దానివల్ల మనిషి గురించి మనకు తెలిసేది తక్కువ. దాని బదులు, మీరు ఎవరికైనా మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయిన సందర్భం ఒకటి చెప్పండి, ఆ తర్వాత ఆ మనిషితో ఏం మాట్లాడారో చెప్పండి అని అడిగాం. రాయడానికి ఇబ్బందిపడేవాళ్లు నోటితో చెప్పవచ్చన్నాం. అలాంటి సందర్భమే తన జీవితంలో లేదన్నవాళ్లను మేము తీసుకోలేదు.

వినే పరీక్ష

ఇంటర్వ్యూలో మేము చేసిన ముఖ్యమైన మార్పు ఇది. బోర్డులో ఒకరు ఐదారు నిమిషాలపాటు ఒక సంఘటన చెబుతారు. కల్పితమే గానీ, మేము రోజూ వినే మాదిరిదే. అభ్యర్థి రాసుకోకుండా వింటారు. తర్వాత పావుగంట వేరే విషయాలు మాట్లాడి, ఇందాకటి సంఘటనను తిరిగి చెప్పమంటాం. ఎంత మరిచిపోయారన్నది మాకు అక్కర్లేదు. ఏం కలిపారన్నదే చూస్తాం.

మేము వాడిన ఒక కథనంలో చెప్పే మనిషి, "రాత్రి స్టేషను బయట కూర్చున్నాను, లోపలి గదిలోంచి అరుపు వినిపించింది, తెల్లారాక మా తమ్ముణ్ణి చూపించారు, నడవలేకపోతున్నాడు" అంటారు. న్యాయశాస్త్రం చదువుతున్న ఒక అభ్యర్థి దీన్ని తిరిగి చెబుతూ, "రాత్రంతా తమ్ముణ్ణి కొడుతుంటే అతను బయటినుంచి విన్నాడు" అన్నాడు. అరుపు ఎవరిదో చెప్పిన మనిషి అనలేదు. కొట్టారని అనలేదు. రాత్రంతా అని అసలే అనలేదు. అభ్యర్థి అబద్ధమాడలేదు, జరిగి ఉంటుందని మనందరికీ అనిపించేదాన్నే చెప్పాడు. అయితే విచారణలో అవతలి న్యాయవాది మొదట పట్టుకునేది సరిగ్గా ఆ రెండు మూడు మాటలనే. అవి కూలితే వాటితోపాటు నిజమైన మాటలు కూడా కూలిపోతాయి. అదే కథనాన్ని, ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒకాయన తిరిగి చెప్పినప్పుడు మధ్యలో ఆగి, "అరుపు తమ్ముడిదేనా అని నన్నడిగితే, ఆయన ఆ మాట చెప్పలేదండీ" అన్నారు. మానవ హక్కుల మీద ఆయన అంతకుముందు ఒక్క పుస్తకం కూడా చదివినవారు కాదు. ఈ రోజుకీ మా దగ్గర అందరికంటే మంచి వాంగ్మూలాలు రాసేది ఆయనే.

ఈ పరీక్షలో తప్పినవాళ్లను వెంటనే వద్దనలేదు. ఏం కలిపారో చూపించి, ఇంకో కథనంతో మళ్లీ ప్రయత్నించమన్నాం. రెండోసారి జాగ్రత్తపడినవాళ్లు పనికొస్తారు. "దానికీ దీనికీ తేడా ఏముంది, అర్థం ఒకటేగా" అని మాతో వాదించినవాళ్లు, ఎంత తెలివైనవాళ్లయినా, ఈ పనికి పనికిరారు. ఆ న్యాయశాస్త్ర విద్యార్థి మాత్రం రెండోసారి చాలా జాగ్రత్తగా చెప్పాడు. అతన్ని తీసుకున్నాం.

ఎవరిని వద్దనాలి

నిష్పాక్షికతను పరీక్షించడం ఇంతకంటే కష్టం. 1961లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మొదలైన తొలినాళ్లలో ఒక్కొక్క స్థానిక బృందానికి, తమ అభిప్రాయాల వల్ల జైలు పాలైన ముగ్గురు ఖైదీల కేసులను అప్పగించేవారు: పశ్చిమ కూటమి దేశాల నుంచి ఒకరు, కమ్యూనిస్టు కూటమి నుంచి ఒకరు, మూడో ప్రపంచ దేశాల నుంచి ఒకరు. తనకు నచ్చిన పక్షపు బాధితుడి కోసమే ఎవరూ పనిచేయకుండా ఉండేందుకు వాలంటీరు పనిలోనే ఈ కట్టడిని అమర్చారన్నమాట. మా స్థాయిలో మేము దాన్ని ఇలా అనువర్తించుకున్నాం: ఘోరమైన నేరం చేశాడని అందరూ నమ్ముతున్న ఒక నిందితుణ్ణి లాకప్పులో కొట్టారన్న ఫిర్యాదు వచ్చిందనుకోండి, అతని వాంగ్మూలం తీసుకోవడానికి వెళ్తారా అని అడుగుతాం. "వెళ్తాను గానీ కష్టంగా ఉంటుంది" అన్న జవాబు మాకు నచ్చుతుంది. "అలాంటివాడికి హక్కులేమిటి" అన్న జవాబుతో ఇంటర్వ్యూ ముగుస్తుంది. ఏమాత్రం ఆలోచించకుండా, నవ్వుతూ "తప్పకుండా వెళ్తాను" అన్నవాళ్లను మాత్రం మరో రెండు ప్రశ్నలు అడుగుతాం.

గుర్తింపు కార్డు కోసం వచ్చేవాళ్లు కొందరుంటారు. "మానవ హక్కులు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న కార్డు జేబులో ఉంటే అధికారుల దగ్గర పని అవుతుందని వాళ్ల ఆశ. మేము అలాంటి కార్డులు ముద్రించడం మానేసి, వెళ్లే ప్రతి పనికీ ఆ తేదీతో, ఆ ఒక్క పనికే చెల్లే లేఖ ఇవ్వడం మొదలుపెట్టాక వాళ్ల రాక దానంతటదే తగ్గింది. తెలిసిన ఇద్దరి చేత పూచీ ఇప్పించుకోవడం, పిల్లలతో మాట్లాడే పనికి ఎవరినీ ఒంటరిగా పంపకపోవడం, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లను వాంగ్మూలాల పనికి తీసుకోకపోవడం మొదలైన నియమాలు అందరికీ తెలిసినవే.

స్వయంగా హింసకు గురైనవాళ్లు వాలంటీర్లుగా వస్తామన్నప్పుడు ఏం చేయాలన్నదానిపై మాలో ఏకాభిప్రాయం కుదరలేదు. వాళ్లకు తెలిసింది మాకెవరికీ తెలియదు. బాధితుడు మౌనంగా ఉన్నప్పుడు ఎంతసేపు ఆగాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అయితే పాత గాయం మళ్లీ రేగే ప్రమాదమూ వాళ్లకే ఎక్కువ. మీకు కష్టమవుతుందని మేమే నిర్ణయించి పక్కన పెడితే, అప్పటికే ఎవరెవరో తమ తరఫున నిర్ణయాలు తీసేసుకున్న మనుషులకు మేమూ మరొకసారి అదే చేసినట్టవుతుంది. అందువల్ల ఏ పని చేస్తారో, ఏ రకం కేసులు వద్దనుకుంటారో వాళ్లనే రాసిమ్మని అడిగి, ఆ కాగితాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చని చెబుతున్నాం.

శిక్షణ

మానవ హక్కుల విద్య, శిక్షణపై ఐక్యరాజ్య సమితి 2011 డిసెంబరులో ఆమోదించిన ప్రకటన ఆ విద్యను మూడుగా చూస్తుంది: హక్కుల గురించి నేర్పడం, హక్కులను పాటిస్తూ నేర్పడం, హక్కుల కోసం నేర్పడం. మా పాత శిక్షణంతా మొదటి దానిలోనే ఉండిపోయింది. రెండోదాన్ని మేము పట్టించుకోకపోవడమే కాదు, దానికి విరుద్ధంగా కూడా చేశాం: ఒక బాధితురాలిని తరగతికి పిలిపించి, నలభై మంది ముందు నిలబెట్టి, తన కథ చెప్పించేవాళ్లం. వాలంటీర్ల కళ్లు చెమ్మగిల్లడానికి ఆమె బాధ మాకు బోధన సామగ్రి అయింది. కొత్త శిక్షణలో దాన్ని పూర్తిగా మానేశాం. బాధితుల పాత్రలను సీనియర్ వాలంటీర్లే వేస్తారు.

రెండు రోజుల శిక్షణను ఎనిమిది వారాలకు పెంచాం, వారానికి ఒక పూట. చట్టం భాగాన్ని రెండు పూటలకు కుదించాం. 1948 నాటి ప్రకటన ఒప్పందం కాదనీ, దానిలోని హక్కులకు ఒప్పందపు బలం 1966లో ఆమోదం పొంది 1976లో అమల్లోకి వచ్చిన రెండు అంతర్జాతీయ ఒడంబడికల ద్వారా వచ్చిందనీ, సభలు పెట్టుకునే స్వేచ్ఛ వంటివాటికి చట్టబద్ధమైన పరిమితులు ఉండవచ్చు గానీ చిత్రహింసల నిషేధానికి ఎమర్జెన్సీలో కూడా మినహాయింపు లేదనీ తెలిస్తే మా పనికి చాలావరకు సరిపోతుంది. ఐక్యరాజ్య సమితి 1998లో ఆమోదించిన హక్కుల పరిరక్షకుల ప్రకటన గురించి కూడా చెబుతాం. హక్కుల కోసం పాటుపడే అవకాశం జీతం తీసుకునే కార్యకర్తకు ఎంత ఉందో వారానికి నాలుగు గంటలు వచ్చే వాలంటీరుకూ అంతే ఉందని వాళ్లకు తెలియాలి. మిగిలిన ఆరు పూటల్లో నాలుగు వాంగ్మూలానికే కేటాయించాం.

మూడు గడుల కాగితం

మా పాత ఫారంలో "సంఘటన వివరాలు" అన్న శీర్షిక కింద ఒక ఖాళీ పేజీ ఉండేది. కొత్త ఫారంలో ఆ పేజీని నిలువుగా మూడు గడులు చేశాం: చూసింది, విన్నది, అనుకున్నది. చెబుతున్న మనిషి తన కళ్లతో చూసింది మొదటి గడిలోకి వస్తుంది. మరొకరు చెప్పగా తెలిసింది, ఎవరు ఎప్పుడు చెప్పారన్న వివరంతో సహా, రెండో గడిలోకి వస్తుంది. ఇలా జరిగి ఉంటుందని ఆ మనిషి భావిస్తున్నది మూడో గడిలోకి వస్తుంది. వాలంటీరు అనుకున్నదానికి ఆ కాగితంలో గడి లేదు. శిక్షణలో ఈ మాట చెప్పినప్పుడు కొందరు నవ్వుతారు. మొదటి అభ్యాసం అయ్యాక తాము రాసినదాన్ని తామే ఎర్ర కలంతో దిద్దుకోమంటే నవ్వు ఆగిపోతుంది.

గాయాల విషయంలో ఈ క్రమశిక్షణ ఇంకా అవసరం. చిత్రహింసలను పరిశోధించి నమోదు చేయడానికి 1999లో రూపొంది, 2022లో సవరణ పొందిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో, బాధితుడు చెప్పిన కారణానికీ గాయానికీ ఎంతవరకు పొంతన ఉందో పరీక్షించిన వైద్యుడు తేల్చడానికి మెట్లున్నాయి: పొంతన లేదు అన్నదాని నుంచి, ఆ కారణం వల్ల తప్ప మరోలా రాని గాయం అన్నదాని వరకు. అది వైద్యుడి పని. "వీపు మీద లాఠీ దెబ్బలు" అని మా వాలంటీరు రాస్తే అది వైద్యుడి మాటను తన నోటితో చెప్పడమే. "వీపు మీద కుడివైపు, జానెడు పొడవున రెండు సమాంతరమైన ఎర్రటి చారలు, అవి లాఠీ దెబ్బలని అతను చెప్పాడు" అని రాస్తే ఎవరి మాట ఎవరిదో తేలిపోతుంది. చారలు రోజుల్లోనే మాసిపోతాయి కనుక, వాంగ్మూలం సగంలో ఉన్నా సరే, ముందు వైద్య పరీక్షకు పంపి మిగిలింది తర్వాత రాసుకోమంటాం.

ప్రశ్నలు అడగడం నేర్పడానికి మాకు దొరికిన మంచి మార్గం, తక్కువ ప్రశ్నలతో అభ్యాసం చేయించడం. "ఆ రోజు పొద్దున్నుంచి చెప్పండి" అన్న తర్వాత పది నిమిషాలపాటు "తర్వాత?" అన్న ఒక్క మాటే వాడాలి. "వాళ్లు మిమ్మల్ని కొట్టారా?" అని అడిగితే అవుననో కాదనో వస్తుంది, అవునన్నది ప్రశ్నకు జవాబా, జ్ఞాపకమా అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు. పాత్ర వేసే సీనియర్లకు మేము ముందుగానే చెప్పి ఉంచుతాం: మధ్యలో మౌనంగా ఉండిపోండి, ఒక తేదీ తప్పు చెప్పండి, కోపగించుకోండి, "మీకెందుకు చెప్పాలి?" అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగినవాళ్లు మొదటి అభ్యాసంలో చాలా అరుదు.

అంగీకారాన్ని ఒక సంతకంతో ముగించకుండా మూడు వేర్వేరు ప్రశ్నలుగా విడగొట్టాం. మీరు చెప్పేది మేము రాసుకోవచ్చా? దీన్ని ఎవరెవరికి చూపవచ్చు: న్యాయవాదికా, కోర్టుకా, పత్రికలకా? మీ పేరు వాడవచ్చా? ఒకదానికి అవునని, మరొకదానికి వద్దని చెప్పవచ్చు. తర్వాత మనసు మార్చుకోవచ్చు. ఈ మూడింటికీ ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఇంతకుముందు మీరు ఎవరికైనా ఇదంతా చెప్పారా? లైంగిక హింస బాధితుల విషయంలో 2022లో వచ్చిన మురాద్ నియమావళి, సమాచార సేకరణ పేరుతో వాళ్ల చేత అదే కథను మళ్లీ మళ్లీ చెప్పించడం వల్ల కలిగే హాని గురించి గట్టిగా హెచ్చరిస్తుంది. ఆ హాని ఇతర బాధితులకు మాత్రం లేదా? ఇదివరకే సరైన వాంగ్మూలం ఉంటే, ఆ మనిషి అనుమతితో దాని నకలు తెచ్చుకోవాలి తప్ప మళ్లీ మొదలుపెట్టకూడదు.

ముగించే విధానాన్ని కూడా నోటికి వచ్చేదాకా సాధన చేయిస్తాం. "ఇప్పుడు దీన్ని మా న్యాయవాది చదువుతారు. రెండు వారాల్లోపు, ఏమీ జరగకపోయినా సరే, నేను మీకు ఫోన్ చేస్తాను. న్యాయం జరుగుతుందని నేను మాట ఇవ్వలేను." ఈ మూడో వాక్యం చెప్పడానికి వాలంటీర్లకు నోరు రాదు. కొందరు గబగబా చెప్పేస్తారు, కొందరు దాన్ని మింగేసి లేచిపోతారు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ నిదానంగా ఆ మాట చెప్పగలిగేదాకా శిక్షణ పూర్తయినట్టు లెక్కపెట్టం.

వీడియోలు, ఫొటోలు సరిచూసే పనికి వేరే బృందం ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే డిజిటల్ ఆధారాలను ఎలా సేకరించి సరిచూడాలో చెప్పే, 2020లో వెలువడిన బర్క్‌లీ ప్రోటోకాల్ ఆ పనికి ఆధారం. వచ్చిన ఫైలును ముట్టుకోకుండా ముందు భద్రపరిచి, దాని హ్యాష్ విలువను (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే అంకెలు, అక్షరాల గుర్తు) నమోదు చేసి, పరిశీలనంతా నకలు మీదే చేయాలన్నది అందులో మేము అందరికీ నేర్పే మొదటి పాఠం. హింసాత్మకమైన వీడియోను మొదటిసారి శబ్దం ఆపి, చిన్న కిటికీలో చూడమంటాం. మనసులో ఎక్కువ కాలం నిలిచిపోయేది చాలాసార్లు శబ్దమేనని పని చేసినవాళ్లు చెబుతారు.

తోడు వెళ్లడం

శిక్షణ పూర్తయిన వాలంటీరు మొదటి మూడు నెలలు సొంతంగా ఏ వాంగ్మూలమూ తీసుకోరు. అనుభవమున్న ఒకరికి తోడుగా వెళ్లి, మాట్లాడకుండా కూర్చుని, రాస్తారు. ఆ తర్వాత మూడు నెలలు పాత్రలు మారతాయి: కొత్తవారు అడుగుతారు, పాతవారు రాస్తారు. ఆ మీదట కూడా ఎవరూ ఒంటరిగా వెళ్లరు. తిరిగి వచ్చాక అరగంట ఇద్దరూ కూర్చుని, మొదట కాగితం గురించి, తర్వాత తమ గురించి మాట్లాడుకోవాలి. పేర్ల జాబితా ఒక బీరువాలో, సంకేత సంఖ్యలతో ఉన్న వాంగ్మూలాలు మరో బీరువాలో ఉంటాయి.

తేదీ, సమయం, ఎవరు చెప్పారన్నది రాయడంలో ఇంత పట్టుదల దేనికని కొత్తవాళ్లు విసుక్కున్నప్పుడు చిలీ ఉదాహరణ చెబుతాం. అక్కడ సైనిక పాలన కాలంలో, 1976లో చర్చి ఆధ్వర్యంలో ఏర్పడిన సంఘీభావ కార్యాలయం సిబ్బంది కనిపించకుండా పోయినవాళ్ల గురించి కుటుంబాలు చెప్పింది ఒక్కొక్కటిగా రాసి దాచారు. 1990లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చి సత్యశోధన కమిషన్ ఏర్పడినప్పుడు దాని పనికి ఆ ఫైళ్లు ముఖ్యమైన ఆధారమయ్యాయి. అన్నేళ్ల తర్వాత పనికివచ్చాయంటే, రాసిన మనిషి పక్కన లేకపోయినా చదివి అర్థం చేసుకునేలా ఉండబట్టే.

మేము చేసిన మరో తప్పు

కొత్త పద్ధతి మొదలైన రెండో ఏడాది ఒక వాలంటీరు రికార్డింగులను కాగితం మీదకు ఎక్కించే పని తీసుకుంది. ఆమె పనిలో ఒక్క తప్పు ఉండేది కాదు. ఇచ్చిన గడువుకు ముందే ఇచ్చేది, ఇంకేమైనా ఉందా అని అడిగేది, రాత్రి రెండు గంటలకు మెయిల్ పంపేది. సమావేశాల్లో మిగిలినవాళ్లకు ఆమెను ఉదాహరణగా చూపించేవాణ్ణి. ఒక రోజు తాళంచెవిని కవరులో పెట్టి బల్ల మీద వదిలి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు, ఫోన్ తీయలేదు. ఇతరుల బాధను నిరంతరం వినేవాళ్ల మనసులో వచ్చే మార్పులను 1990లోనే మెక్‌కాన్, పర్ల్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు వివరించి, దానికో పేరు కూడా పెట్టారు. ఆ సంగతి మా శిక్షణ పత్రంలో ఒక పేరాగా ఉంది కూడా. పేరా ఉండటం వేరు, రాత్రి రెండు గంటలకు వచ్చిన మెయిల్‌ను చూసి ఎవరో ఒకరు ఫోన్ చేయడం వేరు. మనిషి వెళ్లేదాకా గమనించని నేను ఆమె శ్రద్ధను చూసి సంతోషించాను, అంతే.

అప్పటినుంచి తీవ్రమైన కేసులు ఒకే మనిషికి వరుసగా రెండు వారాలు ఇవ్వడం లేదు. ప్రతి మూడు నెలలకూ ఒక నెల తేలికైన పని, అడిగినా అడగకపోయినా. దీన్ని శిక్షగా భావించి నొచ్చుకున్నవాళ్లున్నారు. సంస్థతో సంబంధం లేని ఒక కౌన్సెలర్‌తో మాట్లాడే ఏర్పాటు చేశాం. ఎవరు వెళ్లారో మాకు తెలియదు, తెలుసుకోం. పని మానేయడం ఎలాగో కూడా శిక్షణలోనే చెబుతున్నాం: చేతిలో ఉన్న ఫైళ్లు ఎవరికి అప్పగించాలి, బాధితులకు ఎవరు ఫోన్ చేసి చెప్పాలి అన్నవి. వెళ్లిపోవడం తప్పు కాదని ముందే చెప్పినందువల్ల, వెళ్లేవాళ్లు ఇప్పుడు చెప్పి వెళ్తున్నారు.

ఏం మారింది, ఏం మారలేదు

అంగీకారం నమోదు కాక వెనక్కి వచ్చే వాంగ్మూలాలు ఇదివరకు సగానికి పైగా ఉండేవి, ఇప్పుడు అరుదు. న్యాయవాది అదనంగా అడిగే ప్రశ్నలు తగ్గాయి. అయితే ఏడాదికి మేము తీసుకునే వాంగ్మూలాల సంఖ్య కూడా తగ్గింది. ఎనిమిది వారాల శిక్షణ, ఆరు నెలల తోడు అంటే కొత్త వాలంటీరు సొంతంగా అడగడం మొదలుపెట్టడానికి ఐదు నెలలు, స్థిరపడటానికి ఎనిమిది నెలలు పడుతుంది. పెద్ద సంఘటన జరిగి ఒకేసారి ఎంతోమందితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మా చేతులు చాలడం లేదు. విద్యార్థులు పరీక్షల నెలల్లో కనిపించరు. సంజ్ఞా భాష తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు, ఆమె ఊళ్లో లేని వారం బధిరుల ఫిర్యాదులు ఆగిపోతాయి. వీటికి మా దగ్గర పరిష్కారం లేదు.

తలుపు దగ్గర నిలబడిన ఆ తల్లి దగ్గరికి, పద్ధతి మారాక, గుమాస్తాగా పనిచేసిన ఆ పెద్దాయన, నేను కలిసి వెళ్లాం. ఇచ్చిన మాట తప్పు మాట అని, అలా చెప్పకుండా ఉండాల్సిందని, క్షమించమని అడిగాం. ఆమె ఏమీ అనలేదు. పాత వాంగ్మూలాన్ని మొత్తం చదివి వినిపిస్తామని, ఉంచాలో చింపేయాలో ఆమే చెప్పవచ్చని అన్నాం. ఎనిమిది పేజీలూ పెద్దాయన నిదానంగా చదివారు. ఐదో పేజీలో, ఆఖరిసారి చూసినప్పుడు కొడుకు ఏడుస్తూ "అమ్మా, నన్ను తీసుకుపో" అన్నాడని ఉంది. ఆమె చెయ్యెత్తి ఆపారు. "వాడు ఏడవలేదు. ఏమీ అనలేదు. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ అబ్బాయికి అదే చెప్పాను" అన్నారు. పెద్దాయన ఆ వాక్యం మీద ఒకే ఒక గీత గీసి, కింద ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, తేదీ, సమయం వేసి, మళ్లీ చదివి వినిపించి, సంతకం కోసం కలం ఆమె చేతికిచ్చారు.